ఓడను లేపిన మాటలు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అనేవాళ్ళు. ముఖం మీద అనేవాళ్ళు కాదు, అలాగని మరీ చాటుగానూ కాదు. టీ దగ్గర ఎవరైనా "కత్తెర వచ్చిందా ఇవాళ?" అంటే ఆమే వెనక నుంచి "వచ్చింది, చెప్పండి" అనేది. కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాయడం ఆమె ఉద్యోగం. ప్రోగ్రామర్లు తమకు తోచిన ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి పంపితే, ఆమె దగ్గర నుంచి అది అర పేజీ అయి బయటికొచ్చేది. "మేం దుప్పటి నేసిస్తే ఈవిడ జేబురుమాలు కుట్టి పంపుతుంది" అని ఒక ప్రోగ్రామర్ వాపోయేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్ డ్రై డాక్‌లను నడిపేది. డ్రై డాక్ అంటే సముద్రం పక్కన తవ్విన పెద్ద కాంక్రీటు గొయ్యి. మరమ్మతుకొచ్చిన ఓడ తేలుతూ అందులోకి వస్తుంది. వెనక గేటు మూసి, లోపలి నీళ్ళు తోడేస్తారు. ఓడ మెల్లగా దిగి, కింద పేర్చి ఉంచిన దిమ్మెల మీద కూర్చుంటుంది. అప్పుడు మనుషులు దాని పొట్ట కిందికి దూరి గోకుతారు, అతుకుతారు, రంగులేస్తారు. పనయ్యాక నీళ్ళు వదిలితే ఓడ లేచి, తేలి, తన దారిన వెళ్ళిపోతుంది. పంపులనూ తూములనూ గేటునూ కంప్యూటర్ తెర మీది బొత్తాలతో నడిపించడం ఆ సాఫ్ట్‌వేర్ పని.

ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కానీ డ్రై డాక్‌ను ఒక్కసారీ చూసింది లేదు. ఆ మాటకొస్తే ఓడను దగ్గర నుంచి చూసిందీ లేదు. ఆమెకు తెలిసిన ఓడ తెర మీద బూడిదరంగు గీతలతో గీసిన బొమ్మ.

పుస్తకం ఆమె మొదలుపెట్టింది కాదు. కంపెనీ పెట్టిన కొత్తలో ఎవరో పెద్దమనిషి రాసి వెళ్ళాడు. ఆయనది కోర్టు కాగితాల ఇంగ్లీషు. "ముందు" అనడానికి ఒక మాట సరిపోయే చోట "ప్రయర్ టు ది కమెన్స్‌మెంట్ ఆఫ్" అనేవాడు. ఎవరు చేయాలో చెప్పేవాడు కాదు. "చేయబడవలెను" అన్న ధోరణిలో వాక్యాన్ని గాల్లో వేలాడదీసి వదిలేసేవాడు. తలగడలా ఉండేది పుస్తకం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త బొమ్మలు అతికించడమే తప్ప ఆ వాక్యాల జోలికి పోవద్దని మేనేజర్ గారు ఆమెకు చేరిన రోజే చెప్పారు. కత్తెర పదును కొత్త పేజీల వరకే.

అలా సాగుతుండగా ఒక షిప్‌యార్డు నుంచి ఫిర్యాదు వచ్చింది. డాక్‌లోకి నీళ్ళు వదిలితే, ఆ నీళ్ళు పంపు గదిలోకి ఎదురుతన్నాయట. మోకాళ్ళ లోతు నీళ్ళలో పనిముట్ల పెట్టెలు తేలాయట. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, లోపలున్న మేస్త్రి మెట్లెక్కి బయటపడేసరికి హడలిపోయాడట. కారణం వెతికితే, డాక్ నుంచి పంపులకు నీళ్ళు పోయే దారిలో చేత్తో తిప్పి మూయాల్సిన డ్రెయిన్ వాల్వ్ తెరిచే ఉంది. దానికి తీగలు లేవు కాబట్టి అది తెరిచి ఉందో మూసి ఉందో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. తెలియాల్సింది మనిషికే, పుస్తకం చదివి.

మేనేజర్ గారు సంగతంతా విని, పుస్తకంలో స్పష్టంగానే ఉంది కదా, చదవనిది వాళ్ళ తప్పు అని జవాబు రాయమన్నారు. ఆమె పుస్తకం తీసి ఆ వాక్యం చూసింది. పొడుగాటి ఆ వాక్యం మొదట్లోనే "డ్రెయిన్ వాల్వ్ షుడ్ బి క్లోజ్డ్" అని ఉంది, అంటే వాల్వ్ మూసి ఉండాలి. జవాబు రాయబోయి, ఆగిపోయింది. ఫిర్యాదులో మేస్త్రి మాటలు కూడా రాసి పంపారు. తాను పుస్తకం చదివాకే పని మొదలుపెట్టానని ఆయన అన్నాడు. చదివినవాడు వాల్వ్ ఎందుకు మూయలేదు? ఈ ప్రశ్న చెవిలో దూరిన దోమలా ఆమెను ఇంటిదాకా వదల్లేదు.

ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. అమ్మ జీవితమంతా బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచర్. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలంటే ఆమెకు ప్రాణం. కూతురు చిన్నప్పుడు వాక్యంలో "నాట్‌విత్‌స్టాండింగ్" సరిగ్గా వాడితే ఆ రోజు గిన్నెలు తోమే పని తప్పేది. కూతురు పెద్దయ్యాక మాటలు కత్తిరించే ఉద్యోగంలో చేరిందని తెలిసి, "నేను పోగేసిందంతా నువ్వు పారబోస్తున్నావన్నమాట" అని నవ్వుతూనే నొచ్చుకుంది.

ఆ సాయంత్రం వంటింటి కుళాయి కారుతోంది. అమ్మ దాని కింద గిన్నె పెట్టి, గుమ్మం వైపు చూస్తూ, ప్లంబర్ ఈపాటికి బయల్దేరి ఉండాలే అని పైకే అనుకుంటోంది. కూతురు ఫోనులో ఆ వాక్యం చూపించింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, బంగారం లాంటి వాక్యమని, వంక పెట్టడానికి లేదని తీర్పిచ్చింది.

"అతను వాల్వ్ మూయమని అర్థం చేసుకోలేదమ్మా."

"మరి ఏమని చేసుకున్నాడు?"

కూతురు గుమ్మం వైపు చూసింది. కుళాయి చుక్కలు గిన్నెలో పడుతున్నాయి. అప్పుడు వెలిగింది ఆమెకు.

"ఇందాక నువ్వు ప్లంబర్ బయల్దేరి ఉండాలి అన్నావు. అది అతన్ని బయల్దేరమని చెప్పడమా?"

"కాదు. బయల్దేరే ఉంటాడని నా ఊహ."

"నా చిన్నప్పుడు, పొద్దున్నే పుస్తకాలన్నీ సర్ది ఉండాలి అనేదానివి. అదీ ఊహేనా?"

"అది ఆజ్ఞ," అంది అమ్మ. అని, నిండిన గిన్నెను వంపి మళ్ళీ కుళాయి కింద పెట్టింది. తనలో తాను అనుకున్నట్టుగా, "రెండు చోట్లా 'ఉండాలి' అనే అన్నాను," అంది.

వాక్యంలో అక్షరం మారలేదు. ఒక పక్క నుంచి చూస్తే "వాల్వ్ మూయి" అంటోంది. ఇంకో పక్క నుంచి చూస్తే "వాల్వ్ మూసే ఉంటుందిలే, కంగారుపడకు" అంటోంది. మేస్త్రి రెండో పక్క నుంచి చూశాడు. అతని తెలివి తక్కువై కాదు. వాక్యంలో ఆ తలుపు కూడా తెరిచే ఉంది కాబట్టి. ఇంగ్లీషులోనే కాదు, తాము పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న సొంత భాషలోనూ అదే మాట అదే పని చేస్తోందని తెలిసేసరికి ఇద్దరూ ఫోనులో ఆ వాక్యం మళ్ళీ చదివారు. ఇంత చిన్న మాట చాటున పంపు గది నిండేన్ని నీళ్ళు దాక్కున్నాయి.

ఆఖరికి అమ్మే అంది, "వాల్వ్ మూయండి అని రాస్తే పోలా?" అని. మళ్ళీ తనే, మరీ మొరటుగా ఉంటుందేమోనని సందేహపడింది.

"వాల్వ్‌కి మర్యాద ఎందుకమ్మా?"

అమ్మకు నవ్వాగలేదు. ప్లంబర్ ఆ రోజు రానే లేదు.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఇంట్లో అదే పని. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, అయినా ఆమె పాత పుస్తకం మొత్తం తిరగరాయడం మొదలుపెట్టింది. అమ్మ ఎదురుగా కూర్చుని "షుడ్" కనిపించిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో చుట్టేది. బడిపిల్లల కాగితాలు దిద్దిన చేయి కదా, వేగానికి లోటు లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాటలు చూసి మాత్రం నోరెళ్ళబెట్టేది. కమాండ్‌ను ఎగ్జిక్యూట్ చేయమంటారు, ప్రాసెస్‌ను కిల్ చేయమంటారు, ఇదేం పుస్తకమే, తలారి డ్యూటీ చార్టులా ఉందని అడిగేది. కూతురు వాటిని "నడపండి", "ఆపండి" అనే అర్థంలో అందరూ రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లోకి మార్చేది.

అన్నిటికన్నా ఆమెను నిద్రపోనివ్వనిది ఒక వాక్యం. నీళ్ళు వదిలాక డాక్‌లో మనిషి కనిపిస్తే ఏం చేయాలన్నది. పాత పుస్తకంలో అది మూడు వరుసల పొడవుంది. సారాంశం ఏమిటంటే, సిబ్బంది గమనింపబడిన పక్షంలో నింపు ప్రక్రియ యొక్క నిలుపుదల గావింపబడవలెను. ఎవరు ఆపాలి? వాక్యం చెప్పదు. ఆమె ప్రోగ్రామర్‌ను అడిగింది. డాక్ చుట్టూ స్తంభాల మీద ఎర్ర బొత్తాలుంటాయి, ఎవరు నొక్కినా తూములు మూసుకుంటాయి, సాఫ్ట్‌వేర్ మనిషిని చూడదు అన్నాడతను. ఆమె షిప్‌యార్డుకు ఫోన్ చేసి డాక్‌మాస్టర్‌ను అడిగింది. అక్కడ ఆయన చెప్పింది వేదం, ఓడ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆయన మాట మీదే. ఆయనా అదే చెప్పాడు, ఎవరైనా ఆపొచ్చు, ఆపాలి. మరి పనివాళ్ళకు ఆ సంగతి తెలుసా అని ఆమె అడిగింది. సూపర్‌వైజర్ కోసం చూస్తారనుకుంటాను అన్నాడాయన.

ఆమె ఆ మూడు వరుసలు కొట్టేసి, చిన్న వాక్యాలు రాసింది. "మనిషి కనిపిస్తే ఎర్ర బొత్తం నొక్కండి. ఎవరైనా నొక్కవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు." ఇంగ్లీషులో అవి ఇంకా చిన్నవి.

మేనేజర్ గారు కొత్త పుస్తకం చేత్తో పట్టుకుని బరువు చూశారు. ఆయన చెడ్డవాడేం కాదు. కంపెనీ పరువు ఆయన నెత్తిన ఉంది. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు ఇంత చిన్న మాటలా అన్నారు. సన్నగా ఉంటే సరుకు తక్కువనుకుంటారన్నారు. ఆమె ప్లంబర్ కథ చెప్పింది. ఆయన విని, గడ్డం గోక్కుని, ఆఖరికి తెగేసి చెప్పారు. ఫిర్యాదు చేసిన యార్డుకే దీన్ని పట్టుకెళ్ళండి. ఆ డాక్‌మాస్టర్ సరేనంటే అచ్చుకు పంపుదాం. కాదంటే ఇక ఈ మాట ఎత్తకండి.

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

యార్డు గేటు దాటి, చేతికిచ్చిన హెల్మెట్ పెట్టుకుని నడుస్తుంటే పక్కన ఒక గోడ మొదలైంది. ఎర్రటి గోడ. నడుస్తోంది, నడుస్తోంది, గోడ అయిపోవడం లేదు. ఇంత పొడుగు గోడౌన్ దేనికో అనుకుని తలెత్తింది. గోడ పైకి పోయే కొద్దీ ఆమె మీదికి వంగుతూ వచ్చింది. దాని అంచున, ఆకాశానికి ఆనుకుని, వేలెడంత మనిషి ఒకడు బ్రష్షు పట్టుకుని ఉన్నాడు. అది ఓడ.

డాక్‌మాస్టర్ ఎదురొచ్చాడు. మనిషి బొద్దుగా, కుదిమట్టంగా ఉంటాడు, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటుంది. నేరుగా ఆమెను మెట్ల మీదుగా డాక్ అడుక్కి తీసుకెళ్ళాడు. అక్కడ నేల తడిగా ఉంది, తుప్పు వాసన. ఓడ మొత్తం బరువు నడుం ఎత్తు దిమ్మెల మీద ఆగి ఉంది. వాటి పక్కన వంగి చూస్తే అటు చివర వెలుగు నాణెమంత కనిపిస్తోంది. వెనక వైపు ప్రొపెల్లర్ ఉంది. ఒక్కో రెక్క ఆమె ఇంటి ముందు గోడ కన్నా పెద్దది. ఆమె చేయి చాపి ఇనుమును తాకింది. చల్లగా ఉంది. తాను ఇన్నాళ్ళూ "ఓడ" అని రాసిన మాటకు ఇంత బరువుందని ఆమెకు తెలియదు.

"రేపు పొద్దున దీన్ని తేలుస్తున్నాం," అన్నాడు డాక్‌మాస్టర్. "మీ పుస్తకం పెట్టుకునే."

ఆమె ప్రొపెల్లర్ మీది చెయ్యి తీసేసింది. చదివి అభిప్రాయం చెబుతారనుకుందే తప్ప, వాడతారనుకోలేదు. ఏదైనా తప్పుంటేనో అని గొణిగింది. అందుకే ఇప్పుడు నీళ్ళు లేకుండా ఒకసారి నడిపి చూద్దాం అన్నాడాయన.

కంట్రోల్ రూములో అందరూ చేరారు. ఒక్కొక్కరిది ఒక్కో రాష్ట్రం, ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో భాష. ఇంగ్లీషు అక్కడ ఎవరికీ అమ్మ నేర్పిన భాష కాదు. అందరూ పని కోసం తలా కాస్త అద్దెకు తెచ్చుకున్నదే. డాక్‌మాస్టర్ పుస్తకం తెరిచి ఒక్కో వాక్యం చదువుతాడు. ఆ పని ఎవరిదో వాళ్ళు దాన్ని తిరిగి పలికి, చేసినట్టు నటించి, "డన్" అంటారు. అంతా సాఫీగా సాగుతోంది. ఆమెకు ఊపిరి కాస్త వదులైంది. "డ్రెయిన్ వాల్వ్ మూయండి" అన్న వాక్యం వచ్చింది. ఎవరూ తిరిగి పలకలేదు.

పంపు గది మేస్త్రి చెయ్యెత్తాడు. నీళ్ళలో చిక్కుకుంది ఆయనే. సన్నగా, నిదానంగా ఉంటాడు.

"ఏది?" అన్నాడు.

వాల్వులు రెండు. ఎడమ గోడ పక్కన ఒకటి, కుడి గోడ పక్కన ఒకటి. పాత పుస్తకంలో ఆ ముక్క ఉంది, పొడుగాటి వాక్యం తోకలో ఎక్కడో. తోక పట్టుకుని కోసినప్పుడు దాన్నీ కోసేసింది ఆమె. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. రెండిట్లో ఏదో ఒకటి మూసి రెండోది వదిలేస్తే ఏమవుతుందో మేస్త్రి చేతులతో చూపించాడంతే. పొడుగు మాటల్లోనే కాదు, కురచ మాటల్లోనూ మనిషి మునగగలడు. ఆమె అక్కడికక్కడే పెన్ను తీసి "రెండు డ్రెయిన్ వాల్వులూ మూయండి. ఇక తిరగనంత వరకు తిప్పండి" అని రాసింది. మేస్త్రి చదివి తలాడించాడు.

ఆ తరవాత ఆమె ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, వాళ్ళ వాక్యం వాళ్ళచేత చదివించి, ఇది విని మీరేం చేస్తారు అని అడిగింది. డాక్ అంచున ఓడ తాళ్ళు చూసే ఒక నడివయసు ఆవిడ ఉంది. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఎర్ర బొత్తం వాక్యం చదివి, తలెత్తి చూసింది.

"ఎవరైనా అంటే నేనూనా?"

"మీరూనూ."

ఆవిడ మళ్ళీ ఒకసారి వేలు పెట్టి చదువుకుంది.

పొద్దున గాలి లేదు. కంట్రోల్ రూము కిటికీలోంచి చూస్తే డాక్ మొత్తం కనిపిస్తోంది, దాని మధ్య ఎర్రటి ఓడ. గేటుకు అవతల సముద్రం ఏమీ ఎరగనట్టుంది. డాక్‌మాస్టర్ రేడియో తీసుకుని చదవడం మొదలుపెట్టాడు.

"డాక్ అడుగున ఎవరూ లేరని చూడండి."

నలుగురు నాలుగు మూలల నుంచి ఆ వాక్యాన్ని తిరిగి పలికారు. ఒకరి నోట్లో అది గరుకుగా ఉంది, ఒకరి నోట్లో పాటలా ఉంది, ఒకరు చివరి అక్షరం మింగేశారు. వంటింట్లో కారుతున్న కుళాయి పక్కన రాసుకున్న వాక్యం అది. దాన్నిప్పుడు సముద్రం ఒడ్డున ముక్కూమొహం తెలియని మనుషులు ఒకరి తరవాత ఒకరు పలుకుతుంటే ఆమె కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. "డన్," "డన్," అని వినిపించింది. రెండు వాల్వులూ మూసినట్టు మేస్త్రి చెప్పాడు. డాక్‌మాస్టర్ ఆపరేటర్ వైపు తలూపాడు. ఆపరేటర్ తెర మీద బొత్తం నొక్కాడు.

ముందు చప్పుడు వచ్చింది, నేల లోపలి నుంచి. తరవాత గోడల అడుగున ఉన్న తూముల్లోంచి నీళ్ళు తెల్లగా దూకాయి. దిమ్మెల మధ్య పరుగులు పెట్టాయి. చూస్తుండగానే నేల కనిపించకుండా పోయింది. ఆమెకు అంత నీళ్ళు చూసి భయం వేయాలి. వేయలేదు, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది.

అప్పుడు రేడియోలో ఒక ఆడగొంతు "స్టాప్" అంది. ఆ ఒక్క మాటే. మరుక్షణం సైరన్ మోగింది.

తూములు మూసుకున్నాయి. సైరన్ ఆగింది. నీళ్ళ హోరు ఉన్నట్టుండి తెగిపోయేసరికి చెవులు గింగురుమన్నాయి. తాళ్ళు చూసే ఆవిడ కుడి గోడ మీద, స్తంభం పక్కన, అరచెయ్యి బొత్తం మీదే ఆన్చి నిలబడి ఉంది. ఇంకో చేత్తో ఓడ వెనక వైపు చూపిస్తోంది. ప్రొపెల్లర్ చాటున ఒక దీపం కదులుతోంది.

ఒక వెల్డర్. లెక్క చూసి అందరూ పైకొచ్చేశాక, మరిచిపోయిన కొలబద్ద కోసం అవతలి నిచ్చెన మీదుగా మళ్ళీ దిగాడు. చుక్కాని వెనక వంగి ఉన్నవాడు కాబట్టి పైనుంచి చూసినవాళ్ళెవరికీ కనపడలేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చేసరికి దారి తోచక హెల్మెట్ దీపం ఊపాడు. పై నుంచి తాడు నిచ్చెన వేశారు. వణుక్కుంటూ ఎక్కి వచ్చాడు. ఎవరో దుప్పటి కప్పారు. డాక్‌మాస్టర్ అతన్ని ఒక్క మాట అనలేదు; వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. తిరిగి వచ్చి, రేడియో తీసుకుని, పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు.

"డాక్ అడుగున ఎవరూ లేరని చూడండి."

ఈసారి నిచ్చెనల దగ్గర కూడా మనుషులను నిలబెట్టారు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అసలు ఏం జరిగిందో మనసుకు ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. అంత సముద్రం లోపలికి తోసుకొస్తుంటే, ఒక మనిషి అరచెయ్యి దాన్ని ఆపింది. ఆ అరచెయ్యి ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఆగకుండా చేసింది మాటలు. ఇంగ్లీషు అంతగా రాని ఆవిడ లోపలికి అవి ఎక్కడా చిక్కుకోకుండా నేరుగా వెళ్ళాయి. మాటలకు అంత బలం ఉంటుందని ఆమె ఎన్నోసార్లు విన్నదే, కానీ దాన్ని కళ్ళతో చూడటం అదే మొదలు.

నీళ్ళు మళ్ళీ పెరిగాయి. దిమ్మెలు మునిగాయి. ప్రొపెల్లర్ మునిగింది. ఎర్ర రంగు కొద్దికొద్దిగా కిందికి దిగిపోతోంది. డాక్‌మాస్టర్ ఆమెను బయటికి, డాక్ అంచుకు తీసుకెళ్ళి, ఇప్పుడు రెప్ప వేయకుండా చూడండి అన్నాడు. ఏం చూడాలో ఆమెకు తెలియలేదు. ఓడ కొండలా కదలకుండా ఉంది. కొండలు కదలవు కదా అనుకుంటుండగా, ఒక తాడు కిర్రుమంది. ఇంకో తాడు బిగుసుకుంది. అంత ఇనుమూ, నిద్రలో మనిషి ఊపిరి పీల్చినంత మెల్లగా, లేచింది. ఏ చప్పుడూ లేదు. ఇందాకటి దాకా నేలకు చెందినది ఇప్పుడు నీటికి చెందింది. పక్కనున్నవాళ్ళు దీన్ని ఎన్నిసార్లు చూసి ఉంటారో, అయినా అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆమె చెంపలు తడిశాయి. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

వెళ్ళేముందు ఆమె తాళ్ళు చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళి, బొత్తం నొక్కేటప్పుడు భయం వేయలేదా అని అడిగింది. ముందు పనిచేసిన చోట ఇలాగే ఒకసారి ఏదో చూసి, సూపర్‌వైజర్‌ను వెతుక్కుంటూ పరిగెత్తానని ఆవిడ చెప్పింది. అప్పుడేమైందో చెప్పలేదు, ఈమె అడగనూ లేదు.

"ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదని రాసి ఉంది కదమ్మా," అంది ఆవిడ. చెప్పి, చేతికి తాడు చుట్టుకుంటూ తన పనిలోకి వెళ్ళిపోయింది.

డాక్‌మాస్టర్ మేనేజర్ గారికి తనే ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు కానీ, ఆమె తిరిగి వచ్చి యార్డులో చేసిన దిద్దుబాట్లు ఇవ్వగానే పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయింది. పాత పుస్తకం ఉన్న చోటల్లా దీన్ని పంపించారు. కొన్ని యార్డులు సన్నగా ఉందని సణిగాయి, కొన్ని ఇలాంటిదే ఇంకో యంత్రానికీ రాసివ్వమన్నాయి. మేనేజర్ గారు మిగతా పుస్తకాలన్నీ ఆమె బల్ల మీద గుట్ట పోసి, తొందరేం లేదు, కానీ ఎవరో ఒకరి చేత చేయించి చూశాకే పంపండి అన్నారు. అప్పటి నుంచి ఆమె కూడా ఒక మాట కోసేముందు, అది ఎవరి చేతిలో పడుతుందో ఆ చేతిని ఒకసారి తలుచుకునేది.

ఇంట్లో మాత్రం ఒక చిక్కు వచ్చింది. ఓడ లేవడం ఎలా ఉంటుందో చెప్పమని అమ్మ పట్టుబట్టింది. కూతురు చెప్పబోయి ఆగింది, ఇంకోలా చెప్పబోయి ఆగింది. ఎన్ని రోజులు అడిగినా ఆ ఒక్కటి ఆమె చెప్పలేకపోయింది. నాలుగు మాటల్లో లోకాన్ని చెప్పేదానివి, నీకేమొచ్చింది అని అమ్మ దెప్పింది. ఇది చెప్పేది కాదమ్మా, చూడాలి అంది కూతురు.

మళ్ళీ ఓడ తేల్చే రోజు వచ్చినప్పుడు డాక్‌మాస్టర్‌ను అడిగి అమ్మను వెంట తీసుకెళ్ళింది. అమ్మ పెద్ద హెల్మెట్‌లో చిన్నపిల్లలా ఉంది. రేడియోలో వాక్యాలు మొదలయ్యాయి. ఒక్కో గొంతూ తిరిగి పలుకుతుంటే అమ్మ పెదవులు వాటితో పాటు కదిలాయి, బడిలో పిల్లలు అప్పజెప్పేటప్పుడు కదిలినట్టే. నీళ్ళు నిండాయి. తాడు కిర్రుమంది.

ఓడ లేచింది.

అమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాలాసేపటి దాకా ఒక్క మాటా మాట్లాడలేదు.